లోపలి గడియ

ఆ సందులో పగటిపూట తలుపు మూసుకునే ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు. తలుపులు లేక కాదు. కొన్నిటికి రేకు తలుపులు, కొన్నిటికి పాత పెట్టెల చెక్కలు కొట్టి చేసిన తలుపులు, ఎవరికి తగ్గవి వాళ్లకి ఉండేవి. తెల్లవారి లేవగానే వాటిని వెనక్కి నెట్టి ఇటుకరాయి అడ్డం పెట్టేవాళ్లు. మళ్లీ పడుకోబోయేదాకా ఆ ఇటుక కదిలేది కాదు. వెలుగుండగా తలుపు మూసి ఉందంటే లోపల జ్వరమైనా ఉండాలి, తగువైనా ఉండాలి, అంతకు మించిన ముప్పైనా ఉండాలి. కాబట్టి మూసిన తలుపు కనబడితే పిలవాలి, పలక్కపోతే తోసుకుని వెళ్లాలి. ఇది ఎవరూ రాయని చట్టం. రాసిన చట్టాలకంటే బాగా నడిచేది.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ సందులో గోడలకి నోళ్లు కూడా ఉండేవి. ఈ ఇంట్లో ఎవరైనా "ఉప్పు అయిపోయిందే" అనుకుంటే, రేకుకీ గోడకీ మధ్య సందులోంచి ఉప్పు గిన్నె పట్టుకున్న చెయ్యి వచ్చేది. ఆ చెయ్యి ఎవరిదో అడగాల్సిన పని కూడా లేదు, గాజులు చూస్తే తెలిసిపోయేది.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత చెప్పినాయన ఎవరో గానీ, ఆ సందులో ఒక్క వారం కాపురం చేసి ఉంటే ఆలి ఒక్కదాని మీదే ఆ నింద వేసేవాడు కాదు. ఇల్లు ఇరకటమైతే ఇంట్లో అందరూ మర్కటాలే. మిషనమ్మ ఇల్లే చూడండి. ఉన్నది ఒకే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల ఆవిడ కాలితో తొక్కే కుట్టుమిషను, మిషను చుట్టూ కుట్టాల్సిన బట్టల మూటలు, వాటికి ఆనుకుని మంచం. ఆ మంచం ఏనాడూ చల్లారేది కాదు. రాత్రి డ్యూటీ చేసే ఆవిడ మొగుడు, వాచ్‌మన్, పగలంతా దాని మీద గురక పెట్టేవాడు. ఆయన డ్యూటీకి లేవగానే మరిది ఎక్కేవాడు. ఈ మరిది వారం రోజులుండి పోతానని వచ్చినవాడు. ఏ వారమో చెప్పలేదు, అంతే. కొడుకూ కూతురూ నేల మీద. మిషనమ్మ ఎక్కడ పడుకునేదో ఎవరికీ సరిగ్గా తెలీదు. అందరి తర్వాత పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి ఎక్కడ పడుకుంటే ఎవరికి కావాలి?

అలాంటి ఇంటికి కోడలొచ్చింది.

కొడుకు టైల్స్ మేస్త్రీ. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో గచ్చు మార్చడానికి వెళ్లాడు. అక్కడ సూది గుచ్చి రక్తం తీసే అమ్మాయి ఉంది. టైల్స్ ఆరేదాకా ఎవరూ తొక్కొద్దని వీడు, మరి రోగులు ఎగిరొస్తారా అని ఆ అమ్మాయి. అలా నాలుగు రోజులు పోట్లాడుకున్నారు. ఐదో రోజు పని అయిపోయినా వీడు వెళ్లాడు. ఆ తర్వాత సంగతి చెప్పాలా?

మిషనమ్మ మురిసిపోయింది. మందపాటి గుడ్డ తెచ్చి, అంచు మడిచి రెండు వరసల కుట్టు వేసి, గది మధ్యన తాడు కట్టి తెర వేలాడదీసింది. కొత్త జంటకి తెర అవతలి సగం. మంచి తెరే, కుట్టులో వంక పెట్టడానికి లేదు. కానీ తెర మనిషిని దాస్తుంది గానీ మాటని దాస్తుందా, నవ్వుని దాస్తుందా? మరిది పెద్దమనసు చేసుకుని రోజూ తెర ఇవతలి నుంచి "నేను నిద్రపోయాను" అని గట్టిగా చెప్పేవాడు. అవతలి నుంచి ఇంక చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు.

కోడలు మంచి పిల్ల. నెలలు ఓర్చుకుంది. ఒకరోజు ల్యాబ్‌లో ఎవరో పెద్దమనిషి, నరం దొరక్క రెండోసారి గుచ్చినందుకు నలుగురిలో నానా మాటలూ అన్నాడు. అక్కడ నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చి, తెర వెనక గోడవైపు తిరిగి కూర్చుని, కాసేపు ఏడుద్దామనుకుంది. అంతే. రెండో వెక్కుకే సందు మొత్తం గదిలో ఉంది. గుమ్మం పక్కనే బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క మంచినీళ్లు పట్టుకొచ్చింది. ఒకావిడ తల నిమిరింది. ఒకావిడ "నెల తప్పిందేమో" అంది. సందు చివర ఉండే వడ్రంగి, ఆయన్ని తనకంటే పెద్దవాళ్లు కూడా బాబాయ్ అనే పిలుస్తారు, "వాడే కొట్టుంటాడు" అని తేల్చేసి చెక్క సుత్తితో గుమ్మంలో నిలబడ్డాడు. పని నుంచి సిమెంటు చేతులతో వచ్చిన కొడుక్కి తను చేసిన నేరమేమిటో అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది.

మర్నాడు కోడలు సంచి సర్దుకుంది. అత్త దగ్గరికొచ్చి, మిషను పక్కన కింద కూర్చుంది.

"అత్తయ్యా, నాకు మీ మీద కోపం లేదు. ఎవరి మీదా లేదు. అందరూ నా మంచి కోసమే వచ్చారు, నాకు తెలుసు. కానీ ఏడవడానిక్కూడా చోటు లేకపోతే ఎలా బతకను చెప్పండి. గడియ పెట్టుకునే తలుపు ఒకటి వచ్చిన రోజు కబురు చేయండి. ఆ రోజే వచ్చేస్తాను."

మిషనమ్మ మిషను తొక్కడం ఆపింది. తిట్టి వెళ్తే మళ్లీ తిట్టొచ్చు. ఏడ్చి వెళ్తే బుజ్జగించొచ్చు. ఇంత నెమ్మదిగా, ఇంత న్యాయంగా అడిగితే ఏం చేస్తాం? "సరే తల్లీ, తలుపు బాధ్యత నాది" అంది. అన్నాక గానీ ఆ మాట బరువు ఆవిడకి తెలిసిరాలేదు. ఆ రోజు నుంచీ కొడుకు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే ఆవిడకి మిషను తొక్కబుద్ధి కాలేదు.

ఆవిడ అంత ధైర్యంగా మాటివ్వడానికి కారణం లేకపోలేదు. సందు వెనక ఖాళీ స్థలంలో మునిసిపాలిటీ వాళ్లు మేడలు కడుతున్నారు. ఇరుకు సందులన్నీ తీసేసి, అందులోవాళ్లందరికీ తలా రెండు గదులు, వంటిల్లు, ఇంట్లోనే కొళాయి ఇస్తారట. మొదట్లో ఎవరూ నమ్మలేదు. పునాదులు లేచాక సగం నమ్మారు. మేడకి నీళ్ల ట్యాంకు ఎక్కించిన రోజు పూర్తిగా నమ్మి, అప్పటినుంచే ఏ గోడకి ఏ రంగని దెబ్బలాడుకోవడం మొదలెట్టారు. కొడుక్కి కూడా అక్కడే టైల్స్ పని దొరికింది.

కిటికీలూ తలుపులూ బిగించే ముందు, ఇళ్ల పని చూసే మేడమ్ ఒకరోజు సందులోకి వచ్చి, ఎవరికేం కావాలో చెప్పమంది. మగవాళ్లు బళ్లు పెట్టుకునే చోటు అడిగారు. ఆడవాళ్లు కొళాయి కింద బిందె పట్టేంత ఎత్తు అడిగారు. బాబాయ్ అసలు ఆ తలుపుల చెక్కే మంచిది కాదని అరగంట ఉపన్యాసమిచ్చాడు. అందరూ అయ్యాక మిషనమ్మ లేచింది.

"లోపలి గదికి తలుపు పెడతారా మేడమ్?"

"పెడతామమ్మా."

"గడియో?"

"లోపలి గదికి గడియెందుకమ్మా, ఎలాగూ వీధి తలుపుకి ఉంటుందిగా."

"వీధి తలుపు దొంగలకి మేడమ్. ఇది మాకు."

మేడమ్ ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తల ఊపి వెళ్లిపోయింది. ఇళ్లు ఇచ్చిన రోజున చూస్తే, మేడలో ప్రతి ఇంట్లోనూ లోపలి గది తలుపుకి నిగనిగలాడే గడియ ఉంది.

తాళం చేతిలో పడగానే అందరూ కొళాయిల మీద పడ్డారు. మిషనమ్మ కొళాయి వైపు కన్నెత్తి చూడలేదు. చెప్పులు గుమ్మంలో విడిచి, కొడుకు పరిచిన టైల్స్ మీద నడుచుకుంటూ తిన్నగా లోపలి గదికెళ్లి గడియ జరిపింది. టక్‌మని పడింది. మళ్లీ తీసింది. మళ్లీ వేసింది. తలుపు తెరిచి ఉండగానే, గాల్లోకే వేసి చూసింది. తర్వాత కొడుకుతో, "ఫోన్ చెయ్యి" అంది. ఎవరికని వాడు అడగలేదు.

ఇక సందులోవాళ్ల సంగతి. మేడమ్ తెలివిగలది. పక్క పక్క ఇళ్లవాళ్లని మేడ మీద కూడా పక్క పక్కనే పెట్టింది. ఇస్త్రీ అక్క మిషనమ్మకి ఎదురిల్లు, బాబాయ్ ఆ వరండా చివర. ఇంకేముంది, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పాత ఇళ్లు వదిలినవాళ్లు పాత ఇటుకలు మాత్రం వదల్లేదు. మెట్లెక్కి మూడో అంతస్తుకి మోసుకొచ్చి మరీ తలుపులకి అడ్డం పెట్టారు. లోపలి గదుల గడియలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఒకాయన దానికి సంచి తగిలించుకున్నాడు. ఇస్త్రీ అక్క తాడు కట్టి తువ్వాళ్లు ఆరేసింది.

కోడలు సెలవురోజు పొద్దున వచ్చింది, అదే సంచితో. వరండా అంతా పలకరింపులు. ఆ పలకరింపులన్నీ దాటుకుని ఇంట్లోకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాయి. కోడలు లోపలి గది గుమ్మంలో నిలబడి, గడియని వేలితో తాకి, అత్తవైపు తిరిగింది.

"వేసుకోనా అత్తయ్యా?"

"వేసుకోవే తల్లీ. దానికోసమేగా ఇంత కథ."

కొడుకు ఎటో చూస్తూ లోపలికి జారుకున్నాడు. టక్.

ముందు గదిలో వాచ్‌మన్, మరిది, కూతురు, మిషనమ్మ మిగిలారు. ఎవరికీ కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మరిది అలవాటు కొద్దీ "నేను నిద్ర..." అని మొదలెట్టాడు. మిషనమ్మ చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

"పదండి బయటికి. ఇక్కడ కూర్చుంటే కాపలా కాస్తున్నట్టుంది," అంది. మొగుణ్ణి టీ తాగి రమ్మని పంపింది. మరిదిని ఆయన వెంట తోసింది. కూతుర్ని స్నేహితురాలింటికి తరిమింది. తను మేడ పైకెళ్లింది, ఆరేసిన బట్టలు తేవడానికని. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా అక్కడే గోడనానుకుని కూర్చుని, తనలో తను నవ్వుకుంటూ, అవి ఆరేదాకా కాపు కాసింది. ఇన్నాళ్లకి ఇచ్చిన మాట చెల్లించానన్న తృప్తి అది. ఎవరి పెళ్లి బట్టలు కుట్టినప్పుడూ ఆవిడకి అంత తృప్తి కలగలేదు.

బట్టల మోపుతో కిందికి దిగి చూస్తే, ఆవిడ ఇంట్లో తిరునాళ్లలా జనం.

అయిందేమిటంటే, ఇస్త్రీ అక్క మడతపెట్టిన బట్టలిచ్చిపోదామని వచ్చింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంట్లో పిట్ట లేదు, లోపలి గది తలుపు మూసి ఉంది. పట్టపగలు. పిలిచింది, పలకలేదు. ఇంకోసారి పిలిచింది. తర్వాత వరండాలోకొచ్చి అందర్నీ పిలిచింది. వాళ్లకి పిలుపు అందడమే ఆలస్యం.

"ఏం లేదు, ఏం లేదు," అంది మిషనమ్మ, మోపు కింద పడేసి. "లోపల పిల్లలున్నారు. వెళ్లండి మీరు."

"ఉంటే పలకరేం?" అంది ఇస్త్రీ అక్క. "గొంతు పోయేలా పిలిచాను. బాబాయ్ తలుపు బాదాడు. ఒక్క చప్పుడు లేదు."

"కొత్త రంగు వేసిన గది," అన్నాడు బాబాయ్ గంభీరంగా. "కిటికీ కూడా మూసుకున్నారేమో. ఆ వాసనకి మనిషి తూలి పడిపోవడం నేను కళ్లారా చూశాను."

ఆ మాటతో మిషనమ్మ మూసిన తలుపు వైపు తిరిగింది. ఆవిడకి తెలుసు. లోపలున్నది కొత్త జంట అని తెలుసు, గడియ ఎందుకు పెట్టించిందో తెలుసు. కానీ ఆ తెలిసినదంతా ఒకపక్క, ఇన్నేళ్లుగా ఒంటికి పట్టిన భయం ఒకపక్క. తనూ వెళ్లి "ఒరేయ్ నాన్నా" అని పిలిచింది. జవాబు లేదు. చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు. వెనక నుంచి ఎవరో "పాపం" అన్నారు. ఆ పాపం అన్న మాట దెబ్బతీసింది.

"తియ్ బాబాయ్," అంది.

బాబాయ్ తలుపు పగలగొట్టే రకం కాదు, వడ్రంగి. "పగలగొట్టడమేమిటి, చెక్కకి ప్రాణం ఉండదా" అంటూ ఉలి మడతబందుల కింద పెట్టి, సుత్తితో పొందికగా నాలుగు దెబ్బలు వేశాడు. శీలలు ఒక్కొక్కటే పైకి లేచి అరచేతిలో పడ్డాయి. తలుపుని రెండు చేతులా పట్టుకుని, ఊయల్లోంచి పిల్లని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. గడియ ఇంకా వేసే ఉంది. తలుపు మాత్రం లేదు.

లోపల, కిటికీ కింద, మొగుడూ పెళ్లాం గోడకానుకుని పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చేతులతో నోళ్లు మూసుకుని ఉన్నారు, నవ్వు బయటికి రాకుండా. కిటికీ రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి. చల్లటి గాలి కూడా వస్తోంది.

నవ్వు ఇద్దరి మొహాల్లోనూ అలాగే ఆగిపోయింది. కోడలు చెయ్యి కిందికి దించింది.

"పలికితే ఎందుకు మూశారని అడుగుతారు," అంది మెల్లిగా. "చెబితే తీయమంటారు. తీస్తే మళ్లీ మామూలే. అందుకే పలకొద్దని నేనే అన్నాను. మీ గొంతు వినబడగానే హమ్మయ్య, అత్తయ్య వచ్చింది, అందర్నీ పంపించేస్తుంది అనుకున్నాను. 'తియ్' అన్నది మీరే."

అరిచినా బాగుండేదనిపించింది మిషనమ్మకి. కోడలు లేచి, ఇంకా విప్పని సంచి భుజానికి తగిలించుకుని, తలుపు లేని గుమ్మంలోంచి ముందు గదిలోకొచ్చింది. జనం దారిచ్చారు. కొడుకు ఆమె వెనకే వచ్చి, తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"తప్పు నాదే తల్లీ," అంది మిషనమ్మ చివరికి. "భయమేసింది. తలుపు అడిగి పెట్టించాను గానీ, మూసిన తలుపు ముందు ఎలా నిలబడాలో నాకు తెలీదు. ఎప్పుడూ నిలబడలేదు."

"ఎలా నిలబడుతుందమ్మాయ్?" ఇస్త్రీ అక్క ముందుకొచ్చింది. "నీ మొగుడు ఎలా పుట్టాడో ఎప్పుడైనా చెప్పారా నీకు? చెప్పరు. ఆ రోజు జోరుగా వాన. జల్లు లోపలికి కొడుతోందని మీ అత్త తలుపు మూసుకుంది. మీ మామ డ్యూటీలో ఉన్నాడు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. లేవలేదు, అరిచినా వాన హోరులో ఎవరికీ వినబడదు. నేను అటు పోతూ మూసిన తలుపు చూశాను. పిలిచాను, పలకలేదు. ఏదో పనిలో ఉందిలే అని నా దారిన నేను పోయుంటే, ఇదిగో ఈ మేస్త్రీ ఎక్కడ, నువ్వెక్కడ? తోసుకుని వెళ్లాను. ఆ రోజు నుంచీ మా సందులో మూసిన తలుపుని వదిలేసి ఎవరూ ముందుకి పోలేదు. మీ అత్త అసలే పోలేదు."

కోడలు మొగుడివైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"ఎన్నిసార్లు విన్నానో," అన్నాడు వాడు నేలవైపు చూస్తూ. "పెద్దమ్మ చెప్పిన ప్రతిసారీ వాన ఇంకొంచెం పెద్దదవుతుంది."

కోడలికి నవ్వు ఆగలేదు. ఆమె నవ్వేసరికి గదిలో సగంమంది, ఎందుకో తెలియకపోయినా, నవ్వేశారు. ఆమె సంచి కింద దించింది. దించిందే గానీ విప్పలేదు. దాని మీదే కూర్చుంది. మిషనమ్మ చూపు మాత్రం ఆ సంచిని వదల్లేదు.

"సరే పెద్దమ్మా," అంది కోడలు. "మీరు ఆ రోజు తోసుకుని వెళ్లడం మంచిదే అయింది. నేను ఇవాళ పలకకపోవడం తప్పే. కానీ బాగున్నవాళ్ల తలుపేదో, ఆపదలో ఉన్నవాళ్ల తలుపేదో తెలిసే దారి ఒకటి ఉండాలి కదా. లేకపోతే ఈ మేడలో బాబాయ్‌కి వేరే పని ఉండదు."

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు బాబాయ్.

"మా ల్యాబ్‌కి సూదంటే భయపడేవాళ్లు వస్తారు. కళ్లు గట్టిగా మూసుకుంటారు, నోరు పెగలదు. నేను వాళ్లని మాట్లాడమనను. ఒక్క వేలు కదపండి చాలు, బాగున్నారని నాకు తెలుస్తుంది అంటాను. అలాగే ఇక్కడ కూడా. బయట నుంచి ఒక్కసారి తట్టండి. లోపల నుంచి ఒక్కసారి తడతాం. తట్టారా, బాగున్నట్టు. ఎందుకు, ఏమిటి, ఎంతసేపు అని అడగొద్దు, వెళ్లిపోవాలి. తట్టకపోతే బాబాయ్‌ని పిలవండి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇస్త్రీ అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "అయితే ఏమీ చెప్పక్కర్లేదా? ఒకసారి తడితే చాలా?" అంది. చాలు అంది కోడలు. "మరి మొన్న మా ఆయనతో మాట్లాడకూడదనుకున్నప్పుడు ఇది ఎవరూ చెప్పలేదేం?" అని ఇస్త్రీ అక్క చాలా నొచ్చుకుంది.

బాబాయ్ తలుపెత్తి మళ్లీ గుమ్మానికి ఆనించాడు. కొడుకు కింద పట్టుకున్నాడు. శీలలు దిగాయి. బాబాయ్ తలుపు ఇటూ అటూ ఆడించి, కీళ్లకి చుక్క నూనె వేసి, ఇది మునిసిపాలిటీవాళ్లు బిగించినప్పటికంటే గట్టిగా ఉందని తీర్పు చెప్పాడు. "గడియ సరిగ్గా పడుతోందో లేదో చూడాలి. ఎవరైనా లోపలికెళ్లి వేయండి," అన్నాడు.

"అత్తయ్య వెళ్తుంది," అంది కోడలు.

"నేనెందుకే?"

"మీరే అడిగి పెట్టించారు కదా. ఒక్కసారైనా వేసుకున్నారా?"

మిషనమ్మ లోపలికెళ్లింది. తలుపు దగ్గరికి లాగింది. గడియ జరిపింది. టక్. ఈసారి గాల్లోకి కాదు.

గదిలో ఏమీ లేదు. నాలుగు గోడలు, కిటికీ, ఒక చాప. కిటికీ కింద మూల టైల్ ఒకటి పక్కదానికంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. ఇవాళ కొడుకు చెవి మెలిపెట్టాలి అనుకుంది. మెలిపెట్టడానికి వాడు ఎదురుగా లేడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరి బట్టల మూటలూ లేవు, ఎవరి గురకా లేదు. పొయ్యి మీద పొంగేదీ లేదు. కింద కూర్చుంది. తన ఊపిరి తనకే వినబడుతోంది. అది ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అనిపించేసరికి ఇంకా ఎక్కువొచ్చింది. ఆ వాననాటి ఏడుపు, పెళ్లయిన కొత్తలో అణుచుకున్న ఏడుపు, కోడలు వెళ్లిన రోజు మిషను చప్పుడులో కలిపేసిన ఏడుపు, అన్నీ వరసకట్టి వచ్చాయి. మనసారా ఏడ్చింది. ఏడుస్తుంటే హాయిగా ఉంది.

తలుపు మీద ఒక దెబ్బ పడింది. బాబాయ్ చెయ్యే, సందేహం లేదు. తట్టాలని ఆవిడకి తెలుసు. కానీ రెండు చేతులూ మొహం మీదే ఉన్నాయి.

"తట్టలేదు," అంది బయట ఇస్త్రీ అక్క గొంతు.

"ఉలి ఏదీ?" అన్నాడు బాబాయ్.

"ఆగండి." అది కోడలు. గొంతు తలుపుకి దగ్గరగా వినబడింది, అడ్డంగా నిలబడ్డట్టుంది. "ఆవిడ చెయ్యి ఖాళీ లేదేమో. ఆగండి కాస్త."

మిషనమ్మ మోకాళ్ల మీద జరిగి వెళ్లి తలుపుని ఒక్కసారి తట్టింది. బయట అందరూ ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

"బాగానే ఉంది. ఇక పదండి," అంది కోడలు.

"ఇంతకీ ఏం చేస్తోందంటావ్ లోపల?"

"అడగొద్దనుకున్నాం కదా పెద్దమ్మా."

"మరి ఎప్పుడొస్తుంది?"

"ఆవిడకి రావాలనిపించినప్పుడు."

చెప్పుల చప్పుడు ఒక్కొక్కటే వరండాలోకి పోయింది. ఇస్త్రీ అక్క చెప్పులు అన్నిటికంటే నెమ్మదిగా, అన్నిటికంటే ఆఖర్న. తర్వాత వీధి తలుపు దగ్గర ఇటుక జరిగిన చప్పుడు, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. తర్వాత ముందు గదిలో సంచి జిప్పు మొదట్నుంచి చివరిదాకా తెరుచుకున్న చప్పుడు. మిషనమ్మ దానికోసమే చెవులు రిక్కించి ఉంది. బట్టలు ఒక్కొక్కటే తీసి మిషను మీద పెడుతున్నట్టుంది.

"అత్తయ్యా," అంది కోడలు, తలుపు అవతలి నుంచి, మెల్లిగా. "తొందరేం లేదు. నేను ఇక్కడే ఉంటాను."

మిషనమ్మ వేలు మడిచి, తలుపు మీద ఒక్కసారి తట్టింది.